టీబీ కోర్సు పూర్తయిన తర్వాత కూడా దగ్గు, ఆయాసం ఎందుకు తగ్గడం లేదు? మళ్లీ మందులు మొదలుపెట్టాలా?

మీరు రాసినదాన్ని నేను ఎలా అర్థం చేసుకున్నానో ముందు చెబుతాను, ఎక్కడైనా పొరపాటు ఉంటే సరిదిద్దండి. మీకు 36 ఏళ్లు, సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద పని. నిరుడు ఎడమ ఊపిరితిత్తికి టీబీ సోకితే ఆరు నెలల మందులు ఒక్క రోజు కూడా మానకుండా వాడారు. చివర్లో చేసిన తెమడ పరీక్షలో క్రిములు లేవని తేలింది. అది జరిగి ఐదు నెలలైంది. అయినా పొద్దున లేవగానే పావుగంట సేపు దగ్గు, కొంత తెమడ, మెట్లెక్కితే దమ్ము, గట్టిగా గాలి పీలిస్తే ఎడమ పక్కన పట్టేసినట్టు నొప్పి ఉన్నాయి. ఎక్స్‌రే రిపోర్టులో ఎడమ పైభాగంలో ఫైబ్రోసిస్, చిన్న కేవిటీ అని రాశారు. ప్రైవేటుగా చేయించిన సీబీనాట్ అనే తెమడ పరీక్షలో క్రిమి ‘చాలా తక్కువ’ స్థాయిలో ఉందని వచ్చింది. దాన్ని చూసి ఒకరు ఆరు నెలల కోర్సు మళ్లీ మొదలుపెట్టమన్నారు. మీకు జ్వరం లేదు, బరువు తగ్గలేదు. జబ్బు తిరగబెట్టిందా, ఈ దమ్ము జీవితాంతం ఉంటుందా, నాలుగేళ్ల పాపను దగ్గరికి తీసుకోవచ్చా, సాంచాల పనికి పోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

ఛాతీ వ్యాధుల వైద్యుడిగా ఇరవై ఏళ్లకు పైగా ఇటువంటి ప్రశ్నలు వింటున్నాను. కోర్సు పూర్తయిన రోజున మేము ‘నయమైంది’ అని కార్డు మీద రాస్తాం. ఆ మాటకు మా దృష్టిలో ఉన్న అర్థం క్రిములు చచ్చిపోయాయని మాత్రమే. విన్నవారికి మాత్రం ఊపిరితిత్తి మునుపటిలా అయిపోయిందని తోస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాను ఆ రోజే కూర్చోబెట్టి చెప్పకపోవడం మా వైపు లోటు. మీ ఐదు నెలల భయంలో చాలా భాగం ఆ లోటు వల్ల వచ్చిందేనని నా నమ్మకం.

టీబీ క్రిమి ఊపిరితిత్తిలో కూర్చున్న చోట, దానికీ మన రోగనిరోధక శక్తికీ జరిగే పోరులో మెత్తని స్పంజి వంటి కణజాలం కరిగిపోతుంది. కరిగిన చోట మిగిలే ఖాళీనే కేవిటీ అంటారు. మందులతో క్రిములు చచ్చిన తర్వాత శరీరం ఆ గాయాన్ని గట్టి పీచు కణజాలంతో పూడుస్తుంది. దాన్నే రిపోర్టుల్లో ఫైబ్రోసిస్ అని రాస్తారు. కాలిన చర్మం మానేటప్పుడు ఎలా ముడుచుకుపోతుందో ఊపిరితిత్తిలోని ఈ మచ్చ కూడా అలాగే ముడుచుకుంటూ, చుట్టూ ఉన్న గాలి గొట్టాలను తన వైపు లాగుతుంది. లాగబడిన గొట్టాలు కొన్ని చోట్ల వెడల్పై సంచుల్లా సాగుతాయి, కొన్ని చోట్ల ఇరుకవుతాయి. సాగిన గొట్టాల్లో రాత్రంతా తెమడ నిలిచి పొద్దున లేవగానే దగ్గు తెప్పిస్తుంది. దీన్ని బ్రాంకియెక్టాసిస్ అంటారు. ఇరుకైన గొట్టాల వల్ల ఆయాసం, కొందరికి పిల్లికూతలు వస్తాయి. ఊపిరితిత్తి మీది పొర మందమై ఛాతీ గోడకు అతుక్కున్న చోట, గట్టిగా పీల్చినప్పుడు మీరు చెప్పిన నొప్పి వస్తుంది. ఆ నొప్పి సాధారణంగా ప్రమాదకరమైనది కాదు. ఉన్నట్టుండి పెరిగి ఆయాసంతో కలిసి వస్తే మాత్రం అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. మీ దగ్గర ఉన్న రెండు కాగితాల్లో ఏదీ జబ్బు తిరగబెట్టిందని రుజువు చేయదు.

మొదట ఎక్స్‌రే సంగతి. మచ్చ ఎక్స్‌రేలో ఏళ్ల తరబడి, చాలామందికి జీవితాంతం కనిపిస్తూనే ఉంటుంది. ఒక్క ఫిల్మును చూసి అది పాత మచ్చా, కొత్త జబ్బా అని ఎంత అనుభవజ్ఞుడైనా గట్టిగా చెప్పలేడు. చెప్పగలిగేది పక్కపక్కన పెట్టిన రెండు ఫిల్ములే. కోర్సు ముగిసిన నాటి ఎక్స్‌రే, ఇప్పటి ఎక్స్‌రే ఒకేలా ఉంటే అది మచ్చేనని చాలావరకు ధైర్యంగా అనుకోవచ్చు. కొత్తగా నీడలు వచ్చినా, కేవిటీ పెద్దదైనా, దాని గోడ మందమైనా ఆలోచించాలి. అందుకే పాత ఫిల్మును దయచేసి పారేయకండి. కోర్సు చివర ఎక్స్‌రే తీయకపోయి ఉంటే ఇప్పటిదాన్నే ఇకముందు పోలికకు ఆధారంగా దాచుకోండి. ఎండలో, ఇనుప పెట్టె మీద కాకుండా కవరులో నీడన ఉంచండి.

ఇక సీబీనాట్. ఇది జబ్బును మొదటిసారి కనిపెట్టడానికి ఎంతో గొప్ప పరీక్ష. రెండు గంటల్లో క్రిమి ఉందో లేదో, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో చెబుతుంది. కానీ అది వెతికేది క్రిమి తాలూకు డీఎన్ఏ ముక్కను. క్రిమి బతికి ఉందా, చచ్చి ఉందా అన్నది దానికి తెలియదు. మందులతో చచ్చిన క్రిముల శకలాలు తెమడలో నెలల తరబడి, కొందరిలో సంవత్సరాల తరబడి బయటికి వస్తూనే ఉంటాయి. కాబట్టి ఇటీవలే కోర్సు పూర్తి చేసినవారిలో ‘చాలా తక్కువ’ అనో ‘ట్రేస్’ అనో వచ్చిన ఫలితాన్ని తిరగబెట్టడానికి రుజువుగా తీసుకోకూడదు. మన దేశంలో తయారైన ట్రూనాట్ పరీక్షకూ ఇదే పరిమితి ఉంది.

మరి రుజువు ఏది? తెమడలో బతికున్న క్రిమి పెరుగుతుందా అని చూసే కల్చర్ పరీక్ష. ద్రవ మాధ్యమంలో చేసే కల్చర్‌లో క్రిమి లేదని తేల్చడానికి 42 రోజులు ఆగాలి. క్రిమి ఉంటే సాధారణంగా అంతకన్నా ముందే పెరుగుతుంది. మీరు చేయవలసింది ఇది: మీరు మందులు తీసుకున్న కేంద్రానికే వెళ్లి, సీబీనాట్ కాగితం చూపించి, రెండు తెమడ నమూనాలు ఇవ్వండి. వాటిలో పొద్దున లేవగానే వచ్చేది ఒకటి కచ్చితంగా ఉండాలి. మైక్రోస్కోపుతో పాటు కల్చర్‌కు పంపమని అడగండి. ఇది ఉచితం. పైగా జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం ప్రకారం కోర్సు ముగిసినవారిని రెండేళ్లపాటు ఆరు నెలలకొకసారి, అంటే 6, 12, 18, 24 నెలలప్పుడు చూడాలి. మీకు మొదటి విడత వచ్చే నెలలో ఎలాగూ ఉంది. అది మీ హక్కు, మొహమాటపడకండి.

జ్వరం లేకుండా, బరువు తగ్గకుండా, మైక్రోస్కోపు కింద క్రిములు కనిపించకుండా ఉంటే, కల్చర్ ఫలితం వచ్చేదాకా కోర్సు మొదలుపెట్టకుండా ఆగవచ్చని నా అభిప్రాయం. మిమ్మల్ని పరీక్షించి తుది నిర్ణయం తీసుకోవలసింది మాత్రం మీ డాక్టరు గారే. కల్చర్‌లో క్రిమి పెరిగితే అప్పుడు ఏయే మందులకు లొంగుతుందో కూడా ఆ నమూనాతోనే తేలుతుంది. గుడ్డిగా పాత మందులే మళ్లీ మింగడం కన్నా అది ఎంతో మేలు.

ఈ విషయంలో నేను ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో, మీలాగే పాత కేవిటీ ఉన్న ఒక మనిషికి తెమడలో కొద్దిగా రక్తం పడితే, ఎక్స్‌రే ఒక్కటే చూసి టీబీ మందులు రెండోసారి మొదలుపెట్టాను. నాలుగు నెలలైనా తగ్గలేదు, మనిషి మరింత చిక్కిపోయాడు. చివరకు సీటీ స్కాన్ తీస్తే ఆ కేవిటీలో ఫంగస్ ముద్ద కనిపించింది. టీబీ మిగిల్చిన ఖాళీల్లో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు చేరి నెమ్మదిగా పెరగడం అరుదైన సంగతి కాదు. దగ్గు, రక్తం, నీరసం, బరువు తగ్గడం వంటి దాని లక్షణాలన్నీ టీబీని పోలి ఉంటాయి. తెమడ కల్చర్‌లో టీబీ క్రిమి ఉండదు. రక్తంలో ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ పరీక్ష, సీటీ స్కాన్ కలిపి చూస్తే తేలుతుంది. దానికి ఇట్రాకొనజోల్ వంటి మందులు కనీసం ఆరు నెలలు వాడాలి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ ఆ ఇట్రాకొనజోల్‌ను రక్తంలో నిలవనివ్వదు. కాబట్టి ‘ఎందుకైనా మంచిది’ అని రెండూ కలిపి ఇవ్వడం కూడా కుదరదు. ఆ మనిషి బతికి బాగున్నాడు, కానీ నా తొందరపాటు వల్ల నాలుగు నెలలు నష్టపోయాడు. మీ రిపోర్టులో చిన్న కేవిటీ అని ఉంది గనుక ఈ సంగతి మీకూ తెలిసి ఉండాలి. మీకు ఇప్పుడు ఫంగస్ ఉందని నేను అనడం లేదు. రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, కల్చర్‌లో ఏమీ లేకపోయినా లక్షణాలు పెరుగుతుంటే ఈ పరీక్ష గురించి మీరే అడగండి.

అలాగని తిరగబెట్టే అవకాశమే లేదని మిమ్మల్ని నమ్మించను. టీబీ కొందరికి తిరగబెడుతుంది, అదీ చాలావరకు మొదటి రెండేళ్లలోనే. సాయంత్రం పూట రోజూ వచ్చే జ్వరం, రాత్రి బట్టలు తడిసే చెమట, ఆకలి మందగించడం, బరువు తగ్గడం, ఎప్పుడూ ఉండే దగ్గు రెండు వారాలుగా స్పష్టంగా పెరగడం, వీటిలో ఏది కనిపించినా వచ్చే నెల దాకా ఆగకుండా వెంటనే తెమడ పరీక్ష చేయించుకోండి. నెలకొకసారి, ఒకే కాటా మీద, బరువు చూసి ఒక పుస్తకంలో రాసుకోండి. రోజూ నుదురు పట్టి చూసుకోవడం కన్నా ఆ పుస్తకం మీకు ఎక్కువ నిజం చెబుతుంది. షుగర్ పరీక్ష ఈ మధ్య చేయించుకోకపోతే చేయించుకోండి. అదుపులో లేని షుగర్ టీబీ తిరగబెట్టే ప్రమాదాన్ని పెంచుతుంది.

తెమడలో రక్తపు చార ఒకసారి పడితే కంగారు లేకుండా ఒకటి రెండు రోజుల్లో చూపించుకోవచ్చు. కానీ స్వచ్ఛమైన రక్తం కొన్ని చెంచాలకు మించి పడినా, మళ్లీ మళ్లీ పడుతున్నా 108కి ఫోన్ చేయండి. వాహనం వచ్చేదాకా ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. మచ్చ ఉన్న వైపు కిందికి ఉంటే రక్తం బాగున్న కుడి ఊపిరితిత్తిలోకి పోకుండా ఉంటుంది. ఈ ఒక్క మాట ఇంట్లో వాళ్లకు కూడా చెప్పి ఉంచండి.

ఆయాసం జీవితాంతం ఉంటుందా అని అడిగారు. పోయిన కణజాలం తిరిగి రాదు, అది నిజం. కానీ ఇప్పుడు మీకున్న ఆయాసమంతా ఇలాగే ఉండిపోతుందని కూడా కాదు. ఆఫ్రికాలో మలావీ దేశపు బ్లాంటైర్ నగరంలో 400 మందికి పైగా టీబీ నయమైనవారిని ఏడాదిపాటు గమనించారు. కోర్సు ముగిసిన నాటికి నూటికి 60 మందికి ఏదో ఒక శ్వాస ఇబ్బంది ఉంటే, ఏడాది గడిచేసరికి అది 30 మందికి తగ్గింది. దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల్లో చేసిన మరో అధ్యయనంలో ఊపిరితిత్తి శక్తి నష్టం జబ్బు బయటపడిన మొదటి ఆరు నెలల్లో ఎక్కువగా జరిగి, ఏడాది తర్వాత స్థిరపడిందని తేలింది. అదే అధ్యయనంలో గాలి గొట్టాలు శాశ్వతంగా ఇరుకైనవారు ఒకసారి టీబీ వచ్చినవారిలో నూటికి 18 మంది, రెండుసార్లు వచ్చినవారిలో 27 మంది, మూడు అంతకన్నా ఎక్కువసార్లు వచ్చినవారిలో 35 మంది ఉన్నారు. మొదటి కోర్సును మీరు ఒక్క రోజూ మానకుండా వాడటం ఎంత విలువైనదో ఈ లెక్కలు చూస్తే అర్థమవుతుంది.

ఇప్పుడు చేయవలసిన పరీక్ష స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదించి చూసేది. తెమడలో క్రిములు లేవని తేలాకే చేయించుకోండి. గొట్టాలు ఇరుకుగా ఉన్నాయని అందులో తేలితే ఇన్‌హేలర్ రాస్తారు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని మన వైపు చాలామంది భయపడతారు. ఆ భయానికి ఆధారం లేదు, మాత్రతో పోలిస్తే మందు ఎంతో తక్కువ మోతాదులో నేరుగా చేరవలసిన చోటికి చేరుతుంది. అయితే ఇన్‌హేలర్లలో గొట్టాలను వెడల్పు చేసేవి వేరు, స్టెరాయిడ్ కలిసినవి వేరు. టీబీ వచ్చి తగ్గినవారికి రెండో రకాన్ని తగిన కారణం ఉంటేనే ఇవ్వాలి. కాబట్టి పక్కింటివారి ఇన్‌హేలర్ తెచ్చుకుని వాడకండి. అంతకన్నా ముఖ్యంగా, దమ్ము వచ్చినప్పుడల్లా ఊళ్లో స్టెరాయిడ్ ఇంజెక్షనో మాత్రలో తీసుకోవడం మానుకోండి. గంటలో హాయిగా అనిపిస్తుంది, కానీ పదేపదే వాడితే అణగి ఉన్న క్రిమిని లేపగల శక్తి వాటికి ఉంది.

మందుల కన్నా మీకు ఎక్కువ మేలు చేసేది నడక అని నేను చెబితే మీకు నమ్మకం కలగకపోవచ్చు. దమ్ము వస్తుందని మనిషి కదలడం తగ్గిస్తాడు, కదలకపోతే కాళ్ల కండరాలు బలహీనపడతాయి, బలహీనమైన కండరాలకు అదే పనికి ఎక్కువ గాలి కావాలి, అప్పుడు దమ్ము ఇంకా పెరుగుతుంది. ఈ చక్రాన్ని తెంపేది నడక ఒక్కటే. రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి ఐదేసి నిమిషాలు పెంచుతూ అరగంటకు తీసుకురండి. మాట్లాడగలిగేటంత, పాట పాడలేనంత వేగంలో నడవండి. మెట్లెక్కేటప్పుడు ముక్కుతో పీల్చి, దీపం ఆర్పుతున్నట్టు పెదవులు సున్నాలా చుట్టి, పీల్చినదానికి రెండింతల సేపు మెల్లగా వదలండి. పొద్దున తెమడ కోసం నిటారుగా కూర్చుని నాలుగైదు సార్లు లోతుగా పీల్చి, నోరు తెరిచి ‘హా’ అని అద్దం మీద ఆవిరి పట్టించినట్టు వదిలి, ఆ తర్వాతే దగ్గండి. మీ మచ్చ పైభాగంలో ఉంది గనుక కూర్చున్నప్పుడే అక్కడి తెమడ సులువుగా దిగుతుంది. ఊరికే గొంతు చించుకుని దగ్గడం వల్ల అలసట తప్ప లాభం ఉండదు. తెమడ రంగు ఆకుపచ్చగా మారి, పరిమాణం పెరిగితే మామూలు బ్యాక్టీరియా చేరి ఉండవచ్చు. దానికి కొద్ది రోజుల యాంటీబయాటిక్ సరిపోతుంది, టీబీ మందులు అక్కర్లేదు.

తిండి విషయం క్లుప్తంగా చెబుతాను. కోర్సుతో పాటు నెలకు వచ్చే పోషణ సాయం ఆగిపోయింది గనుక గుడ్లు కూడా ఆగిపోయాయని రాశారు. రోజుకొక గుడ్డు, పప్పు, గుప్పెడు పల్లీలు, ఏదో ఒక ఆకుకూర ఉండేలా చూసుకోండి, ఖరీదైన పొడి డబ్బాలు కొననక్కర్లేదు. ఏడాదికొకసారి ఫ్లూ టీకా, డాక్టరును అడిగి న్యుమోకాకల్ టీకా వేయించుకుంటే మంచిది. ‘పండగకు ఒకటి రెండు బీడీలు పర్వాలేదా’ అని చివర్లో అడిగారు. ఒక్కటి కూడా వద్దు. టీబీ చేసిన నష్టం ఆగిన చోటి నుంచి పొగ మళ్లీ మొదలుపెడుతుంది. మీ భార్య ఇంట్లోనే బీడీలు చుడతారన్నారు కదా, ఆ పొగాకు దుమ్ము మీరు, పాప పడుకునే గదిలో లేకుండా వసారాలోకి మార్చగలరేమో చూడండి. ఆమె ఊపిరితిత్తులకు కూడా అది మేలు.

పాప విషయంలో మీరు రాసిన వాక్యం నన్ను బాధపెట్టింది. ఐదు నెలలుగా మీకు వేరే కంచం, వేరే గ్లాసు, పాప దగ్గరికి వస్తే మీరే పక్కకు తప్పుకోవడం. టీబీ కంచాల వల్ల, బట్టల వల్ల సోకదు. జబ్బు బతికి ఉన్న మనిషి దగ్గినప్పుడు గాలిలోకి వచ్చే తుంపరల వల్లే సోకుతుంది. ఇది ఇవాళ కొత్తగా తెలిసింది కాదు. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధనలో కొందరు రోగులను శానటోరియంలో, కొందరిని ఇరుకైన వాళ్ల ఇళ్లలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చారు. ఇంట్లో మందులు వాడినవారి కుటుంబాలను ఐదేళ్లపాటు గమనించినా, శానటోరియంకు వెళ్లినవారి కుటుంబాల కన్నా వారిలో టీబీ ఎక్కువగా రాలేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం, వికారాబాద్ అనంతగిరి వంటి చోట్ల నెలల తరబడి మనుషులను ఇంటికి దూరంగా ఉంచే కాలం ముగియడానికి ఆ పరిశోధన పెద్ద కారణం. రోగం ముదిరి ఉన్నప్పుడే మందులు వాడుతూ ఇంట్లో ఉండవచ్చని తేలితే, కోర్సు పూర్తయి తెమడలో క్రిములు లేని మీకు వేరే కంచం ఎందుకు? కొత్త తెమడ పరీక్ష ఫలితం వచ్చేదాకా, మీ మనశ్శాంతి కోసం, దగ్గేటప్పుడు నోటికి రుమాలు అడ్డుపెట్టుకుని, గది కిటికీ తెరిచి ఉంచితే చాలు. నేను అడగదలచింది వేరే ప్రశ్న: మీకు జబ్బు బయటపడినప్పుడు ఇంట్లో అందరికీ పరీక్షలు చేసి, పాపకు నివారణ మందు ఇచ్చారా? ఐదేళ్లలోపు పిల్లలకు అది తప్పనిసరిగా ఇవ్వవలసినది. ఇవ్వకపోయి ఉంటే మీ తెమడ నమూనాలతో పాటు పాపను కూడా తీసుకెళ్లి చూపించండి.

రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదనీ, దగ్గు వచ్చిన ప్రతిసారీ గుండె జారిపోతుందనీ రాశారు. ఆరు నెలలు మందులు మింగి, పనిపోయి, నలుగురి చూపులూ భరించిన మనిషికి ఈ భయం ఉండటం బలహీనత కాదు. నెల దాటినా నిద్ర కుదుటపడకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ఉచిత ప్రభుత్వ సేవ, తెలుగులోనే మాట్లాడతారు.

పని గురించి. స్పైరోమెట్రీ చూశాక గానీ పన్నెండు గంటల షిఫ్టు మాట చెప్పలేను. మొదట సగం పూట పనితో మొదలుపెట్టి, నూలు దుమ్ము తక్కువగా ఉండే చోట, గాలి ఆడే తలుపు పక్క సాంచాలు ఇవ్వమని ఆసామిని అడగండి. కండెలు చుట్టే చోట దుమ్ము ఎక్కువైతే కొన్నాళ్లు అక్కడికి వెళ్లకండి. కర్చీఫు కట్టుకుంటే సన్నని దుమ్ము ఆగదు, మూతికి బిగువుగా అతికే ఎన్95 మాస్కు కావాలి. మాస్కుతో దమ్ము ఎక్కువవుతుందనిపిస్తే గంటకొకసారి బయటికి వచ్చి ఐదు నిమిషాలు తీసేయండి. కల్చర్ ఫలితం, స్పైరోమెట్రీ కాగితం వచ్చాక, మీ పేరు, ఫోన్ నంబరు కనిపించకుండా, వాటిలోని అంకెలను ఇక్కడే రాయండి. కోర్సు ముగిసినప్పుడు తీసిన ఎక్స్‌రే దొరికిందో లేదో కూడా రాయండి, ముందు దాన్ని వెతకండి.